తప్పు బోధకుడికి మైక్ ఆపండి, తప్పు చేసినవాడి ఇంటికి వెళ్లండి

వందనాలు చెల్లెమ్మా.

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. ప్రొద్దుటూరు దగ్గర మీ సంఘానికి ఏడాదిగా బయటి నుంచి ఒక ప్రసంగీకుడు వస్తున్నాడు. విశ్వాసం ఉన్నవాళ్లు మాత్రలు మానేయాలంటున్నాడు, "విత్తనం" అని, వేస్తే పంటలా ఎక్కువై తిరిగి వస్తుందని చెప్పి కానుకలు అడుగుతున్నాడు. కువైట్‌లో ఇంటిపని చేసుకుంటున్న మీ ఆడబిడ్డ పంపే డబ్బులో కొంత ఆయనకే పోతోంది, మీ అత్తగారు షుగర్ మాత్రలు ఆపేశారు. ఇంకోవైపు సంఘ పెద్దల్లో ఒకాయన భార్యాబిడ్డల్ని వదిలేసి వేరే ఆవిడతో కాపురం పెట్టి, ఆదివారం మాత్రం కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరుగుతున్నాడు. మీరు నోరు విప్పితే "తీర్పు తీర్చకూడదు", "అభిషిక్తుణ్ణి (దేవుడు ఏర్పరచుకున్నవాణ్ణి) ముట్టకూడదు" అంటున్నారు. మాట్లాడాలా, ఊరుకోవాలా, సంఘం మారాలా అని అడిగారు.

మాట్లాడాలి. అయితే ఈ ఇద్దరితో ఒకే తీరుగా కాదు. తప్పు బోధ చేసేవాడి విషయంలో ముందు మందను, అంటే సంఘాన్ని, కాపాడాలి, ఆ మనిషి సంగతి తర్వాత. పాపంలో పడ్డ సహోదరుడి విషయంలో ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్లాలి, సంఘం ముందుకు తేవడం చివర్లో. మన సంఘాల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది. బోధకుడినేమో గుట్టుగా బతిమాలి మళ్లీ ఆదివారం మైక్ ఆయన చేతికే ఇస్తారు. పడిపోయినవాడి ఇంటికి మాత్రం ఒక్కరూ వెళ్లరు, సంగతి మొత్తం ఊరి బోరింగు దగ్గర మాట్లాడేసుకుంటారు.

ఇదంతా చదివేలోపే మీరు చేయాల్సిన పని ఒకటుంది. మీ అత్తగారిని డాక్టరుకు చూపించండి. షుగర్ మందులు ఆపేస్తే కళ్లు, కిడ్నీలు, కాళ్లు నొప్పి తెలియకుండానే దెబ్బతింటాయి, అదే ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఆపేస్తే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఆమెతో వాక్యం గురించి వాదన పెట్టుకోవద్దు. "అత్తమ్మా, ప్రార్థన మానొద్దు, పరీక్ష కూడా చేయించుకుందాం, దేవుడు బాగుచేసి ఉంటే రిపోర్టులో తెలుస్తుంది కదా" అనండి చాలు. యేసుప్రభువు కుష్ఠురోగిని బాగుచేసి, వెళ్లి యాజకుడికి కనపరచుకోమన్నాడు (మత్తయి 8:4). నిజమైన స్వస్థతకు పరీక్ష అంటే భయం ఉండదు.

నేను కర్నూలు జిల్లాలో ఒక సంఘానికి పెద్దగా ఉన్నాను, ఇరవై ఏళ్లు దాటింది. ఇలాంటి గొడవల్లో పక్క సంఘాలవాళ్లు కూడా పిలుస్తుంటారు. నేను చూసినవే చెబుతాను, పేర్లు, ఊర్లు చెప్పను.

ప్రతి తేడా తప్పు బోధ కాదు. మన సీమలోనే చూడండి, కర్నూలు వైపు బాప్టిస్టు మిషన్ సంఘాలు, నంద్యాల వైపు ఆంగ్లికన్ మిషన్ సంఘాలు, కడప, గుత్తి, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్ సంఘాలు. లండన్ మిషన్ వాళ్లు కడపకు వచ్చింది 1822లో. ఒకరు పెద్దయ్యాక ముంచి బాప్తిస్మం ఇస్తారు, ఒకరు చంటిబిడ్డ తలమీద నీళ్లు పోస్తారు. ఒకచోట ప్రార్థనలు పుస్తకం చూసి చెబుతారు, ఒకచోట చప్పట్లు, డప్పు, అన్యభాషల్లో ప్రార్థన. వీటి మీద నాకూ అభిప్రాయాలున్నాయి, గట్టిగానే ఉన్నాయి. కానీ వీటి కోసం ఎవరినీ అబద్ధ బోధకుడు అనకూడదు. యేసు ఎవరు, ఆయన సిలువ చాలునా చాలదా, రక్షణ కృపవల్లా లేక డబ్బుకా, వాక్యం పైనా లేక ఈ మనిషికి వచ్చిన దర్శనం పైనా, ఇక్కడ తేడా వస్తేనే ఆ మాట వాడాలి. పౌలు గలతీయులకు "వేరొక సువార్త" గురించి అంత కోపంగా రాసింది ఇలాంటి చోటే.

ఇంకొకటి, తెలియక తప్పు చెప్పేవాడు వేరు, తెలిసి అమ్ముకునేవాడు వేరు. అపొల్లో అనే ఆయన మంచి వక్త, కానీ అతనికి యోహాను బాప్తిస్మం వరకే తెలుసు. అకుల, ప్రిస్కిల్ల అనే దంపతులు అతన్ని సభలో నిలదీయలేదు, ఇంటికి పిలిచి విడమరిచి చెప్పారు (అపొస్తలుల కార్యములు 18). మా దగ్గర ఒక కుర్రాడు, వయసు పాతిక లోపే, యూట్యూబ్‌లో విన్నది విన్నట్టు యూత్ మీటింగులో చెప్పేవాడు. బిడ్డలు లేనివాళ్ల ఇంట్లో పితరుల శాపం ఉంటుంది, దాన్ని తెంచడానికి వేరే ఉపవాసాలు చేయాలి అని. ఆ మాట విని ఒక చెల్లి ఏడ్చుకుంటూ ఇంటికి పోయింది. అతన్ని పిలిచి, క్రీస్తు మనల్ని శాపం నుంచి విడిపించాడనే గలతీ 3:13, తండ్రి దోషం కొడుకు మోయడనే యెహెజ్కేలు 18 ఎదురుగా తెరిచి పెట్టాం. రెండు మూడు సాయంత్రాలు కూర్చున్నాం, మొదట వాదించాడు, తర్వాత చదివాడు. అతనంతట అతనే ఆ చెల్లి ఇంటికి పోయి క్షమించమన్నాడు. ఈరోజు అతను చక్కగా వాక్యం చెబుతాడు. అలాంటివాణ్ణి మొదటిరోజే "అబద్ధ బోధకుడు" అని గ్రూపులో పెట్టి ఉంటే ఒక మంచి పనివాణ్ణి పోగొట్టుకునేవాళ్లం.

మరి మీ దగ్గరికి వచ్చేవాడు ఏ రకం? ఎవరైనా ఒకసారి కూర్చుని వాక్యం చూపించారా, చూపిస్తే ఏమన్నాడు అన్నదాన్ని బట్టి తెలుస్తుంది. నేను ముందుగా డబ్బు చూస్తాను. అపొస్తలుల బోధ అని పిలిచే ఒక పాత క్రైస్తవ గ్రంథం ఉంది, డిడాకే అంటారు, మొదటి శతాబ్దం చివర్లోనో రెండో శతాబ్దం మొదట్లోనో రాసిందని పండితుల లెక్క. ఊరూరా తిరిగే బోధకులతో ఆ రోజుల్లోనే సంఘాలు విసిగిపోయినట్టున్నాయి, అందులో నియమం పెట్టారు: వచ్చినవాడు ఒక రోజు ఉండొచ్చు, అవసరమైతే రెండో రోజు, మూడో రోజు కూడా ఉంటే అబద్ధ ప్రవక్త. పోయేటప్పుడు దారికి రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదు, డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్త. అంత పాత కాలం వాళ్లకే ఇది అర్థమైంది.

పనివాడు జీతానికి పాత్రుడే, కాపరికి, అంటే పాస్టరుకు, కానుక ఇవ్వడం తప్పు కాదు. నేను ఇస్తాను, మీరూ ఇవ్వండి. కానీ "ఇంత ఇస్తే ఇంత వస్తుంది" అన్నాడంటే అది వ్యాపారం. వీసా వస్తుందనో, బోరులో నీళ్లు పడతాయనో ప్రవచనం చెప్పి, అది జరగకపోతే "మీ విశ్వాసం చాలలేదు" అని మన మీదికే తోసేస్తే ద్వితీయోపదేశకాండము 18:22 తీసి చూపించండి. యెహోవా పేరున చెప్పిన మాట జరగకపోతే అది ఆయన చెప్పింది కాదు, దానికి భయపడొద్దని ఉంది. విన్నవాళ్ల విశ్వాసం ఎంత అన్న లెక్క అక్కడ లేదు.

మందుల సంగతికి వస్తాను, నాకు బాగా బాధ కలిగించిన సంగతి ఇదే. పక్క మండలంలో ఒక ఇంట్లో ఉపవాస కూడికకు పిలిస్తే వెళ్లాం. ఆ ఇంటి కోడలికి చిన్నప్పటి నుంచి మూర్ఛ, మాత్రలతో చాలాకాలంగా ఫిట్స్ రాకుండా ఉంది. ఒక ప్రసంగీకుడు వచ్చి అభిషేక తైలం అని చిన్న సీసా ఇచ్చాడు, మామూలు కొబ్బరినూనె సీసా లాంటిదే, పైన ఆయన ఫోటో అంటించి ఉంది. మాత్రలు మింగుతుంటే దేవుణ్ణి అనుమానించినట్టే అన్నాడట. ఆమె మానేసింది. వంట చేస్తూ ఫిట్స్ వచ్చి పొయ్యి మీద పడింది. మేం వెళ్లేసరికి మోచేతి నుంచి వేళ్ల దాకా కట్టు కట్టి ఉంది. "అన్నా, నాకు విశ్వాసం లేకే ఇట్లయిందంట కదా" అని అడిగింది. ఆ మాట ఆమెకు ఎవరు చెప్పారో వేరే అడగక్కర్లేదు. కాలిన చేతితో కూర్చుని నేరం తన మీదే వేసుకుంటోంది ఆ బిడ్డ.

ఆమెకు మేం చూపించిన వాక్యాలే మీకూ రాస్తున్నాను, మీ అత్తగారి దగ్గర పనికొస్తాయి. హిజ్కియా రాజు చావుబతుకుల్లో ఉంటే, బాగుపడతావని దేవుని మాట తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద పెట్టించాడు (2 రాజులు 20:7). పౌలు తిమోతికి కడుపు జబ్బు కోసం ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడు. తన తోటి పనివాడు త్రోఫిము రోగంతో ఉంటే మిలేతులో విడిచి వచ్చానని రాశాడు, త్రోఫిముకు విశ్వాసం లేదని రాయలేదు. సువార్త రాసిన లూకా వైద్యుడు. యాకోబు 5:14లో నూనె రాసి ప్రార్థన చేయమని ఉంది, చేయమన్నది సంఘపు పెద్దలను, అమ్మమని ఎవరికీ చెప్పలేదు. మీకు దగ్గర్లోనే జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్లు కట్టిన ఆసుపత్రి ఉంది. మన తాతలకు సువార్త తెచ్చినవాళ్లే ఆసుపత్రి కూడా తెచ్చారు, వాళ్లకు ప్రార్థన మీద నమ్మకం తక్కువై కాదు.

ఇప్పుడు మైక్ ఆపడం ఎలా. మీరు ఒక్కరే వెళ్లి ఆ ప్రసంగీకుణ్ణి ఎదిరించొద్దు, పదిమందిలో అసలే వద్దు. ఆయనకు మైక్ ఇస్తున్నది మీ కాపరి, సంఘ పెద్దలు. వెళ్లాల్సింది వాళ్ల దగ్గరికి. మీ ఆయన్ను, సంఘంలో నలుగురూ గౌరవించే ఇంకో ఇద్దరిని తీసుకెళ్లండి. ఏ రోజు ఏం చెప్పాడో కాగితం మీద రాసుకుని పోండి, "అంతా అట్లే చెబుతాడు" అంటే ఎవరూ పట్టించుకోరు. "ఫలానా ఆదివారం మాత్రలు మానేయమన్నాడు, ఆ తర్వాత ఈ నలుగురు మానేశారు, ఈమె ఆసుపత్రి పాలైంది" అని చెబితే జవాబు చెప్పాల్సి వస్తుంది. ఎవరో పంపిన వీడియో ముక్క పట్టుకెళ్లొద్దు, ముందూ వెనకా కత్తిరించి ఉంటుంది.

కాపరి ఎందుకు ఊరుకుంటున్నాడో కూడా కొంచెం ఆలోచించండి. చాలామంది కాపరులు చెడ్డవాళ్లు కాదు, భయస్థులు. ఆ ప్రసంగీకుడు వస్తే షెడ్డు నిండుతుంది, ఆ నెల కరెంటు బిల్లు, అద్దె గడుస్తాయి, ఆపితే జనం ఆయన వెంట పోతారని భయం. కాబట్టి వెళ్లినప్పుడు ఫిర్యాదు ఒక్కటే పట్టుకెళ్లొద్దు. "అయ్యగారూ, మీరు ఆపండి, మేం మీ పక్కన ఉంటాం, కానుక తగ్గితే మేం చూసుకుంటాం" అని చెప్పగలిగితే చెప్పండి. ఇలా మాట ఇచ్చాక ధైర్యం వచ్చి ఆపిన కాపరులను నేను చూశాను. తీతుకు రాసిన పత్రికలో అలాంటివాళ్ల నోళ్లు మూయించాలని ఉంది (1:11), ఒకటి రెండుసార్లు బుద్ధి చెప్పాక విసర్జించమనీ ఉంది (3:10). ఈ బోధ తెచ్చేవాణ్ణి ఇంట్లో చేర్చుకోవద్దని, శుభమని కూడా చెప్పొద్దని యోహాను రెండో పత్రిక చెబుతుంది. అది గృహకూటాల కాలంలో రాసిన మాట, ఇంట్లో చేర్చుకోవడమంటే అతనికి కూడిక ఇచ్చి దారిఖర్చులు ఇవ్వడమే. ఎదురైతే మొహం తిప్పుకోమని కాదు, మీ కూడికను, మీ జేబును అతనికి అప్పగించొద్దని.

మైక్ ఆపాక ఒక పని తప్పకుండా చేయాలి, అందరూ మరిచేది ఇదే. ఆదివారం సంఘం ముందు కాపరే నిలబడి "మాత్రలు మానేయమని ఇక్కడ చెప్పిన మాట తప్పు, వాడుకోండి" అని స్పష్టంగా చెప్పాలి. తప్పు మాట మైక్‌లో చెప్పారు కాబట్టి దిద్దుబాటు కూడా మైక్‌లోనే రావాలి. ఊరికే ఆయన్ను పిలవడం మానేస్తే ఆ మాట వాళ్ల గుండెల్లో అలాగే ఉండిపోతుంది.

"అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అంటారు, 105వ కీర్తన. ఆ కీర్తన మొత్తం చదవమనండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు పరాయి దేశాల్లో తిరుగుతుంటే రాజులు వాళ్లకు హాని చేయకూడదని దేవుడు అడ్డుపడ్డ సంగతి అది. తనను చంపాలని తరుముతున్న సౌలు రాజును దావీదు చంపలేదు, నిజమే. కానీ గుహ బయట నిలబడి, నువ్వు నాకు చేస్తున్నది అన్యాయం అని సౌలు మొహం మీదే చెప్పాడు. చెయ్యి వేయకపోవడం వేరు, నోరు మూసుకోవడం వేరు. "తీర్పు తీర్చకుడి" అని మత్తయి ఏడో అధ్యాయంలో ఉంటే, అదే అధ్యాయంలో అబద్ధ ప్రవక్తల గురించి జాగ్రత్తపడమనీ ఉంది. బయటివాళ్లకు తీర్పు తీర్చడం నా పని కాదు, లోపలివాళ్లకు మీరు తీర్చాలి కదా అని పౌలు కొరింథీయులకు రాశాడు (1 కొరింథీ 5:12). మనం చేసేది దీనికి ఎదురు. ఊళ్లో అన్యులను తిట్టిపోస్తాం, మన బల్ల దగ్గర, అంటే ప్రభురాత్రి భోజనంలో, కూర్చున్నవాణ్ణి ఒక్క మాట అనం.

ఇక మీ సంఘ పెద్ద సంగతి. ఇక్కడ నా మాట వేరేగా ఉంటుంది. ముందు ఒక ప్రశ్న. వదిలేసిన ఆ భార్యాబిడ్డలకు ఈ నెల బియ్యం ఎవరు కొంటున్నారు? ఆయన్ను ఏం చేయాలని కమిటీలు కూర్చుంటాయి గాని, ఆమె బడి ఫీజు కట్టలేక ఎవరి గుమ్మం ముందు నిలబడుతోందో ఎవరూ అడగరు. స్త్రీల సమాజం మొదట ఆ ఇంటికి పోవాలి, మీరు పోగలరు. ఆమెకు భరణం అడిగే హక్కు ఉంది. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ప్రకారమే ఉంది, కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ దగ్గర అడిగితే లాయరును ఇస్తారు. కోర్టుకు పోతే క్రైస్తవురాలిగా మంచి పేరు పోతుందని ఆమెను భయపెట్టేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట వినొద్దని చెప్పండి.

ఆయన విషయంలో దారి మత్తయి 18:15-17లో ఉంది, మీకు తెలిసిందే. మొదట ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో, తర్వాత సంఘానికి చెప్పడం, ఆ తర్వాత దూరం పెట్టడం. ఆయన పెద్ద కాబట్టి ఇంకో నియమం కూడా ఉంది. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్దమీద ఫిర్యాదు తీసుకోవద్దు, నిజమని తేలి కూడా పాపంలోనే కొనసాగితే అందరి ముందు గద్దించమని 1 తిమోతి 5:19-20. మొదటి సగం అందరికీ గుర్తుంటుంది, రెండో సగం ఎవరికీ గుర్తుండదు. బిషపు గారికి ఆకాశరామన్న ఉత్తరాలు రాయడం వద్దు, మన సీమలో అది ఎక్కువ. పేరు లేని ఉత్తరానికి విలువ ఉండదు, పైగా తప్పు చేసినవాడు "నా మీద కుట్ర" అనడానికి అదే సాకు. మీరు ఆడమనిషి, ఒంటరిగా ఆయన దగ్గరికి పోవాల్సిన పని లేదు. కాపరి, ఆయన ఈడువాడు ఒకాయన పోవాలి.

అలా పోవడం ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. మా దగ్గర చర్చి స్లాబు కోసం పోగుచేసిన డబ్బు ఒక పెద్దాయన దగ్గర ఉండేది. అది వడ్డీకి తిప్పుతున్నాడని మాట వచ్చింది. మొదట ఒకరు పోతే "దేవుని డబ్బు నా దగ్గర పెరుగుతోంది, మీకేం నష్టం" అన్నాడు. తర్వాత నేను, ఇంకో అన్న కలిసి రాత్రి పూట పోయాం, వాళ్ల ఇంటామె టీ పెట్టింది, ఆయన తాగలేదు. ఎర్ర అట్ట పొడుగు పుస్తకం తెచ్చి మంచం మీద పెట్టాడు. నూటికి మూడు రూపాయల చొప్పున పెన్సిలుతో రాసి ఉన్నాయి పేర్లు, అందులో మా సంఘంలో కూలికి పోయే ఒక వితంతువు పేరు కూడా ఉంది. ఆమె స్లాబుకు కానుక వేసింది, ఆ డబ్బే మళ్లీ ఆమెకు వడ్డీకి వచ్చింది. అన్న ఆ పేరు మీద వేలు పెట్టి ఏమీ మాట్లాడలేదు. ఆయన చాలాసేపు ఆ పేజీయే చూశాడు. ఆ రాత్రి కూడా ఒప్పుకోలేదు, అనుకున్నంత సులువు కాదు ఇది. సంఘ కమిటీ ముందుకు వచ్చాకే, సభ్యులకు చెప్పే ముందురోజు వచ్చి ఒప్పుకున్నాడు. వేరుశనగ అమ్మిన డబ్బు మొదటి విడత కట్టాడు, వితంతువు దగ్గర తీసుకున్న వడ్డీ తిరిగి ఇచ్చాడు. ఆయన బల్లకు తిరిగి వచ్చిన రోజు మేం అందరం సంతోషించాం. కాని డబ్బు పెట్టె తాళం ఆయనకు మళ్లీ ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. క్షమించడం, పదవి ఇవ్వడం ఒకటే అనుకోకండి.

పశ్చాత్తాపం అంటే ఏడుపు కాదు. మన ఉజ్జీవ కూటాల్లో కన్నీళ్లు తేలిగ్గా వస్తాయి, మైక్ పట్టుకుని సాక్ష్యం చెప్పి మర్నాడు అదే గడప తొక్కేవాళ్లను చూశాం. యేసును కలిశాక సుంకాలు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు, లెక్క చెప్పాడు. మీ పెద్దాయన విషయంలో నేను చూసేవి ఇవి: ఆ ఇంటి నుంచి బయటికి వచ్చాడా, భార్యాబిడ్డలకు నెలనెలా డబ్బు ఇస్తున్నాడా, పెద్దరికం తనంతట తాను వదిలేశాడా. భార్య వెంటనే అతన్ని ఇంట్లోకి రానివ్వాలని మాత్రం ఒత్తిడి చేయొద్దు, అది ఆమె ఇష్టం. ఎన్నాళ్లు దూరం పెట్టాలని బైబిల్లో లెక్క లేదు, కానీ నిజంగా మారినవాణ్ణి అలాగే నిలబెట్టి ఉంచితే అధిక దుఃఖంలో మునిగిపోతాడని, ఆదరించమని పౌలే రాశాడు (2 కొరింథీ 2:6-8).

దూరం పెట్టడమంటే ఊరి వెలి కాదు. ప్రభురాత్రి భోజనం, పెద్దరికం, కానుకల సంచి, మైక్, వీటికి దూరం. ఆరాధనకు వచ్చి వెనక కూర్చుని వాక్యం వినొచ్చు, వినాలి కూడా. వాళ్లింట్లో చావు జరిగితే సమాధుల దొడ్డిలో చోటు ఇవ్వం అనడం, పిల్లల పెళ్లికి పోవద్దని కట్టడి పెట్టడం, నీళ్లు, నిప్పు ఆపడం ఇవన్నీ వాక్యం కాదు, పాత కులపంచాయితీ బుద్ధి. "శత్రువుగా భావింపక సహోదరునిగా భావించి బుద్ధిచెప్పుడి" అని థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలో ఉంది.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మన సంఘాల్లో క్రమశిక్షణ బీదవాళ్లకే అందుతుంది. కూలివాళ్ల పిల్ల ప్రేమించి వెళ్లిపోతే వారం తిరక్కుండా ఆమె పేరు సంఘంలో చదివేస్తారు, ఫ్యాన్లు, మైక్ సెట్టు ఇచ్చినాయన రెండో కాపురం పెడితే "ప్రార్థిద్దాం" అంటారు. పైగా మన దగ్గర వర్గాల సంగతి తెలిసిందే, తప్పు చేసినవాడు ఏ వర్గమో చూశాకే అది తప్పా కాదా అని తేలుస్తారు. కాబట్టి మీరు మాట్లాడేటప్పుడు ఆయన బంధువుల్లో ఒకాయన్ను, న్యాయం తెలిసినవాణ్ణి, వెంట తీసుకెళ్లండి. ఇది వర్గం గొడవ కాదని అప్పుడే నమ్ముతారు. మీది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘమైతే పాస్టరేట్ కమిటీ, ఆపైన బిషపు ఉన్నారు, పేరు పెట్టి రాతపూర్వకంగా ఇవ్వండి. స్వతంత్ర సంఘమైతే పైన ఎవరూ ఉండరు, పక్క ఊరి సంఘాల నుంచి ఇద్దరు పెద్దలను పిలిపించమనండి. సొసైటీగా రిజిస్టరై ఉంటే ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి లెక్కలు చూపాలి, అడగడం మీ హక్కు.

మత్తయి 18 పనికిరాని చోటు ఒకటుంది. పిల్లల మీద చెయ్యి వేయడం, బలాత్కారం, కొట్టడం, ఇలాంటివైతే "ముందు ఒంటరిగా మాట్లాడండి" అని ఎవరైనా అంటే వినొద్దు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం 2012 పోక్సో చట్టం ప్రకారం నేరం, కాపరికైనా, పెద్దకైనా, మీకైనా. 1098కి ఫోన్ చేయండి, ఆడవాళ్లకైతే 181. రాజీ పెట్టే పెద్దమనుషుల్ని దగ్గరికి రానివ్వొద్దు. ప్రభుత్వం ఊరికే ఖడ్గం ధరించలేదని రోమీయులకు 13లో ఉంది, అది ఇలాంటివాటి కోసమే.

మీ ఆడబిడ్డ డబ్బు గురించి కూడా అడిగారు. ఆమెను తిట్టొద్దు. పరాయి దేశంలో వంటింట్లో ఒంటరిగా ఉన్న మనిషికి ఫోన్లో ప్రార్థన చేసే గొంతు పెద్ద ఆసరా, అందుకే ఇస్తోంది. మీరే వారానికోసారి ఫోన్ చేసి ఆమెతో ప్రార్థన చేయండి, మీ కాపరమ్మగారితో కూడా చేయించండి. ఆసరా ఇంటి నుంచే దొరికితే డబ్బు పంపడం తనంతట తానే తగ్గిస్తుంది.

చివరిది, సంఘం మారడం. ఇప్పుడే వద్దు. ముందు చెప్పండి, రాతలో ఇవ్వండి, వాళ్లకు కొంత సమయం ఇవ్వండి. అంతా విని కూడా కాపరీ పెద్దలూ కలిసి ఆ బోధనే నిలబెడితే, ఆ పెద్దాయన చేతే బల్ల పంచిస్తే, అప్పుడు మీ పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టాల్సిన బాధ్యత మీకు లేదు. పోయేటప్పుడు ఎందుకు పోతున్నారో కాపరికి మొహం మీదే మర్యాదగా చెప్పి, సభ్యత్వ బదిలీ ఉత్తరం అడగండి. ఇవ్వకపోయినా పర్వాలేదు, కొత్త సంఘం కాపరికి జరిగింది జరిగినట్టు చెప్పండి. వెంట పది కుటుంబాలను లాక్కుపోవద్దు. అద్దె గది తీసుకుని కొత్త బోర్డు పెడదామని ఎవరో ఒకరు తప్పకుండా మీ ఆయన దగ్గరికి వస్తారు, దానికి ఒప్పుకోవద్దని ఆయనకు ఇప్పుడే చెప్పి పెట్టండి.